నీడ పడని చెయ్యి

డబ్బాల మూతలు చేసే ఫ్యాక్టరీలో అక్క ఎలక్ట్రీషియన్. రోజూలాగే కాలిన ఫ్యూజులు మార్చి, ఊడిన వైర్లు బిగించి, టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. ప్రెస్సు మిషను మీద చెల్లికి ఆరోజే మొదటి రోజు. అక్క కాళ్ళరిగేలా తిరిగి ఇప్పించిన పని అది.

చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ చెల్లికి నీడ పడదు. వెలుతురు ఆమెలోంచి నేరుగా వెళ్ళిపోతుంది. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఎండలో దీని వెనక నిలబడి లాభం లేదని నాన్న విసుక్కునేవాడు, అంతే.

సూపర్‌వైజర్ నవ్వుతూ వచ్చాడు. "మీ చెల్లి గట్టిదే. మిగతావాళ్ళు చెయ్యి పెట్టినప్పుడల్లా ప్రెస్సు ఆగి చస్తుంది. ఆమెకి పొద్దున్నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు."

అక్క చటుక్కున లేచింది.

ఆ ప్రెస్సుకి కన్ను బిగించింది తనే. కన్నంటే గోరంత బిళ్ళ, ఎల్డీఆర్. ఎదుటి దీపం వెలుగు పడినంతసేపూ అది కరెంటుని సాఫీగా పోనిస్తుంది, ప్రెస్సు లేచి పడుతూ ఉంటుంది. మధ్యలోకి చెయ్యి వస్తే నీడ పడి, బిళ్ళ కరెంటుని బిగబడుతుంది, ప్రెస్సు ఆగుతుంది. ఎందరి వేళ్ళనో కాపాడిన బిళ్ళకి చెల్లి వేళ్ళు కనబడవు. ఇన్ని తెలిసిన మనిషికి ఈ ముక్క తట్టలేదు. రోజూ పక్కన కూర్చుని తినే పిల్ల నీడ ఎవరికి గుర్తుంటుంది?

గ్లాసు ఎక్కడ పడేసిందో తెలీదు, పరిగెత్తింది. ఆ మోతలో పిలిచినా వినబడదు. వెనక నుంచి లాగితే చెల్లి ఉలిక్కిపడి చెయ్యి ఎటు పెడుతుందో. మెయిన్ స్విచ్ హాలుకి ఆ చివర ఉంది. వంకరగా పడిన రేకుని సర్దుతూ చెల్లి మణికట్టు దాకా లోపల పెట్టింది. ప్రెస్సు దిగుతోంది.

అక్క తన అరచెయ్యి కన్నుకి అడ్డం పెట్టింది. నీడ పడ్డాక ఆ బిళ్ళ తెలుసుకోవడానికి రెప్పపాటు పడుతుంది. అంతసేపూ ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

మోత ఆగింది.

"కరెంటు పోయిందా అక్కా?" అంది చెల్లి.

"ముందు చెయ్యి బయటికి తియ్యి."

"తీశాను కదా, ఇదిగో."

కన్ను మీద చెయ్యి తియ్యకుండానే అక్క చూసింది. దీపం చెల్లి వేళ్ళలోంచి సూటిగా కళ్ళలో కొడుతోంది. వేళ్ళు ఎన్నున్నాయో తెలియడం లేదు. రెండో చేత్తో తడిమి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఐదూ ఉన్నాయి.

ఇక ఈ మిషను ముందు మా చెల్లి కూర్చోదని సూపర్‌వైజర్‌తో చెప్పేసింది. అంత తిరిగి సంపాదించిన పని ఒక్క పూటతో సరి. చెప్పి, నమ్మకం చాలక, బొటనవేలి దగ్గర్నుంచి మళ్ళీ లెక్క మొదలుపెట్టింది.