ఎత్తిపెట్టిన ఫోను

జగన్‌మోహన్ సావుకారు తన నోటితోటి చెప్పిన మాటను తనే మింగిండు. దొంగతనం అంటగట్టినా గురులింగప్ప ఓర్చుకునేటోడు, చెయ్యి చేసుకున్నా ఓర్చుకునేటోడు. కానీ "ఫోను పెట్టెయ్" అని హుకుం ఇచ్చి, ఆ మాట నేను అననే అనలేదని రైతుల ముందర కాలు మీద కాలేసుకొని అన్నడు చూడు, అది ఇయ్యాల్టికీ గురులింగప్ప గొంతుల దిగుతలేదు.

సావుకారు చిరాగ్‌పల్లి తొవ్వల, బొంబాయి రోడ్డుకు ఆనుకొని కోల్డ్ స్టోరేజి కట్టింది డెబ్బై నాలుగుల. గురులింగప్ప నాలుగో తరగతిల బడి ఇడిచిపెట్టి మోటర్లు చుట్టుడు నేర్చుకున్నోడు. మిషన్ మీద కొలువు ఇస్తనన్నడు సావుకారు, కానీ ఊకె ఇయ్యలే.

"లోపల ఉండేది మంది సొత్తు. నువ్వు పండుకుంటె అది మురిగిపోతది. అప్పుడెవడు కట్టాలె? జమానత్ పెట్టు" అన్నడు.

గురులింగప్ప దగ్గర రాయికోడ్ భూమి తప్ప ఏమున్నది? తండ్రి ఇచ్చిపోయిన పట్టా కాయితం తెచ్చి సావుకారు చేతుల పెట్టిండు. అది ఇనుప పెట్టెల పడ్డది. వాపస్ ఎప్పుడిస్తరని అడుగలే. అట్ల అడుగాలని అప్పుడు తెలివి లేదు.

బొంబాయిల మూతబడ్డ ఏదో మిల్లు సామాన్ల నుంచి సావుకారు ఒక అలారం పెట్టె పట్టుకొచ్చిండు. ఇనుప డబ్బ, దాని మీద ఇత్తడి గంట, పక్కన బ్యాటరీ. గదుల్ల వేడి పెరిగితే గంట మోగుతది. మోగుకుంట మోగుకుంటనే టెలిఫోన్ తీగెను సుత కలుపుతది, మనిషి ఫోను ఎత్తినట్టు. అప్పుడు జహీరాబాద్ ఎక్స్‌చేంజిల మనుషులు కూసునేటోళ్ళు. ఇక్కడ తీగె కలిస్తే అక్కడ బోర్డు మీద కోల్డ్ స్టోరేజి నంబరు మూత టప్పున కిందికి పడేది. ఆపరేటర్ అనంతమ్మ చెవికి పెట్టుకుంటె మాట ఉండదు, ఉత్త గంట. "ఆలుగడ్డలు పిలుస్తున్నయి" అని నవ్వుకుంట ఆమె గురులింగప్ప ఇంటి పక్క కిరాణం దుకాణానికి కలిపేది. దుకాణపోడు గోడ మీదికెళ్ళి కేకేసేటోడు. గురులింగప్ప సైకిలెక్కి ఉరికేటోడు.

దీనికి రూలు లేదు. పండుగకు అనంతమ్మకు ఒక బుట్టెడు ఆలుగడ్డ, గంతే. ఏండ్లకేండ్లు గట్లనే నడిచింది.

ఎనభై అయిదుల ఆటోమేటిక్ ఎక్స్‌చేంజి వచ్చింది. అంకెలు తిప్పుకునే ఫోన్లు. ఊరంత సంబురపడ్డది. గురులింగప్ప మాత్రం పరీక్ష చేద్దమని పెట్టెను మోగిచ్చి, రిసీవర్ చెవికి పెట్టుకున్నడు. బుర్రుమని సప్పుడొచ్చింది. నంబరు తిప్పు, నంబరు తిప్పు అన్నట్టు అది అట్లనే మోగుకుంట ఉన్నది. పెట్టెకు వేళ్ళెక్కడివి తిప్పనీకె?

అనంతమ్మ దగ్గరికి ఉరికిండు.

"అక్కా, మా పెట్టె పిలుస్తే ఇప్పుడు ఎవరు పలుకుతరు?"

"ఎవ్వరు పలుకరు గురులింగప్పా. నన్నే బిల్లుల కాడ కూసోబెట్టిన్రు. అక్కడ ఇప్పుడు మిషన్లకు మిషన్లే ముచ్చట పెట్టుకుంటున్నయి."

ఆ మాట పోయి సావుకారుకు చెప్పిండు. "పెట్టె పాతది సావుకార్, కొత్త ఎక్స్‌చేంజి దాని మాట ఇంటలేదు. కొత్త పెట్టె తెప్పియ్యున్రి."

సావుకారు పాన్ నములుకుంట నవ్విండు. "నువ్వున్నవ్ గదరా. తిండికి తప్ప దేనికీ నోరు తెరువని అలారం, నీ అసొంటిది బొంబాయిల దొరుకుతదా?"

సావుకారు అడ్తి దుకాణం కాడ కూసున్నోళ్ళందరు నవ్విన్రు.

"అట్లయితే నా కాయితం ఇయ్యున్రి. నేను పోత."

"రైతుల గడ్డ లోపల పెట్టుకొని పోతవా? గది ఖాళీ కానియ్. అప్పుడు మాట్లాడుదం."

గది ఖాళీ అయ్యేది ఎప్పుడు? ఆలుగడ్డ ఎల్లంగనే చింతపండు వస్తది, చింతపండు పక్కకు మిరపకాయ వస్తది, అది ఎల్లకముందే మల్ల ఆలుగడ్డ. ఆ గదులు కట్టినకాడికెళ్ళి ఒక్కనాడు ఖాళీగ లేవు.

ఇగ గురులింగప్పనే అలారం అయి కూసున్నడు. పెట్టె ముందర గోనెసంచి పరుచుకొని అక్కడనే తినుడు, అక్కడనే పండుడు. చుట్టాల పెండ్లిళ్ళు పోయినయి, మేనమామ సావు పోయింది. బయట దొడ్డికి పోయినా చెవి మాత్రం ఆ గంట మీదనే. భార్య శరణమ్మ జొన్న రొట్టెలు కట్టుకొని వచ్చి, పెట్టె దిక్కు చూసి అడిగేది: "తాళి నాకు కట్టినవా, దానికి కట్టినవా?"

"నీకు కట్టింది తెంపుకోవచ్చునే. దీనికి కట్టింది తెగదు" అన్నడు ఒకసారి. ఆమె ఆ రొట్టెలు అక్కడ పెట్టి పోయింది.

ఒకనాడు గురులింగప్ప సావుకారు ఇంటికి ఫోన్ చేసిండు, ఐసు కావాల్నా అని అడుగనీకె. సావుకారు పెండ్లాం సుగుణమ్మ వద్దని పెట్టేసింది. గురులింగప్పకు అదే టైముకు మోటరు కాడికెళ్ళి పిలుపొస్తే రిసీవర్ బల్ల మీద పడేసి పోయిండు. జరసేపటికి సావుకారు జీతగాడు ఉరికొచ్చిండు. "ఫోను పెట్టవయ్యా! అక్కడ అమ్మ ఎన్నిసార్లు ఎత్తినా మీ కంప్రెసర్ సప్పుడే ఇనొస్తున్నదంట. వేరే ఎవరికీ చేయనిస్తలేదంట."

గురులింగప్ప అక్కడనే నిలవడ్డడు. ఆ ఎక్స్‌చేంజి మర్మం అది: నంబరు తిప్పినోడు పెట్టేదాక లైను తెగదు, అవుతలోడు ఎంత కొట్టుకున్నా సరే. ఊర్లకెళ్ళి ఊర్లకే చేసిన ఫోనుకు ఎంతసేపు మాట్లాడినా ఒక్క కాల్ బిల్లే.

ఆ పొద్దు నుంచి కొత్త పద్ధతి పెట్టిండు. ఇంటికి పోయేముందు సావుకారు ఇంటి నంబరు తిప్పి, రిసీవర్‌ను అలారం గంట మూతికి ఆనిచ్చి పెడుతడు. అవుతల సుగుణమ్మ తన రిసీవర్‌ను ఎత్తి స్టీలు గిన్నెల పెడుతది, సప్పుడు ఇల్లంత ఇనొచ్చేటట్టు. వానకాలంల ఒక పొద్దు మోటరు ఆగిపోతే గిన్నె గణగణ మోగింది. సుగుణమ్మ పిండి చేతులతోటే జీతగాన్ని గురులింగప్ప ఇంటికి పంపింది. గడ్డ బతికింది. గురులింగప్ప ఎన్నాళ్ళకో ఇంట్ల పండుకున్నడు.

లైన్‌మన్ ఒకనాడు సైకిల్ ఆపి అడిగిండు: "ఏంది గురులింగప్పా, కోల్డ్ స్టోరేజికి సావుకారు ఇంటికి అంత ముచ్చటేంది? ఎప్పుడు చూసినా లైను మీదనే ఉంటరు. కొత్త పెండ్లి జంట సుత అంత మాట్లాడరు."

గురులింగప్ప నవ్విండు గాని లోపల నవ్వలే. ఎందుకంటే సావుకారు అప్పటికే అననే అన్నడు: "నడుస్తున్నది గద. ఇగ కొత్త పెట్టెకు పైసలెందుకు?" తప్పిచ్చుకుందమని తీసిన ఉపాయమే గురులింగప్ప కాలికి ఇంకో తాడయింది.

ఎనభై ఆరు ఎండకాలంల సావుకారు కొడుకు పెండ్లి పెట్టుకున్నరు. మూడు దినాల పెండ్లి, ఇంటి ముందరనే పందిరి. గుల్బర్గ నుంచి, బీదర్ నుంచి చుట్టాలు దిగుతున్నరు. గదుల నిండ కోహీర్, రాయికోడ్ రైతుల విత్తనం గడ్డ. పందిట్ల బల్బుల దండలు కడుతున్న గురులింగప్పను సావుకారు నడింట్లకు పిలిచిండు. సుగుణమ్మ అక్కడనే పసుపు కొమ్ములు ఏరుకుంట కూసున్నది.

"గురులింగా, ఆ ఫోను పెట్టెయ్. ట్రంకాల్స్ రావాలె. ఈ మూడు దినాలు నాకు ఫోను ఖాళీగ ఉండాలె."

"సావుకార్, ఎండలు సూడున్రి. వాచ్‌మన్‌నన్న అక్కడ ఉంచుదం."

"వాచ్‌మన్ వంట సామాన్ల కాడ కావాలె."

"అయితే నేను పోయి కూసుంట."

"పందిట్ల జనరేటర్ ఎవడు చూస్తడు, మీ అయ్య లేచొస్తడా? తాళమేసి చెయ్యి నా చేతుల పెట్టు. మూడు దినాలల్ల కొంపలేం మునుగయి."

చెయ్యి అంటే తాళంచెవి. గురులింగప్ప పోయి ఫోను పెట్టేసిండు, తాళమేసిండు, చెయ్యి తెచ్చి ఇచ్చిండు. సావుకారు దాన్ని నడుముకు చెక్కుకున్నడు.

రొండో దినం పగటిపూట, అందరు బువ్వల మీద కూసున్నప్పుడు గురులింగప్ప సైకిలెక్కి చిరాగ్‌పల్లి తొవ్వ పట్టిండు. గేటుకు చెవి ఆనిచ్చి ఇన్నడు. కంప్రెసర్ సప్పుడు లేదు. కానీ గంట సప్పుడు సుత లేదు. మోటరు చెడిపోయి ఆగి ఉంటె లోపల వేడెక్కుతది, వేడెక్కితే గంట మోగాలె. మోగుతలేదంటె లోపల సల్లగనే ఉన్నది, సల్లగైంది గన్కనే మోటరు తనంతట తనే ఆగింది. ఏండ్ల సంది అట్లనే లెక్క కట్టుకున్నడు, ఆ దినం సుత అట్లనే కట్టుకున్నడు. వాపస్ పోతె సావుకారు పందిరి గుంజ కాడనే నిలవడి ఉన్నడు.

"యాడ సచ్చినవ్‌రా? మంది బువ్వల మీద ఉండంగ ఫ్యాన్లు ఆగినయి! ఇంకోసారి అడుగు బయట పెడితె కాళ్ళు ఇరుగుతయి."

గురులింగప్ప ఆ దినం కడుపు నిండ తిన్నడు.

పెండ్లి అయిపోయినంక, పెండ్లిపిల్లను దింపుకున్న మర్నాడు పొద్దుగాల గురులింగప్ప సావుకారు దగ్గర చెయ్యి తీసుకపోయి తాళం తీసిండు. గది తలుపు గుంజంగనే ఆవిరి మొఖానికి కొట్టింది. సంచులు తడిసి నీళ్ళు కారుతున్నయి. అడుగు వరుసల గడ్డ చేతుల పిసికితె బురద లెక్క అయింది, మీది వరుసలకు మొలకలొచ్చి సంచి కంతల నుంచి తెల్లగ బయటికి చూస్తున్నయి. మూడు ఫేజులల్ల ఒకటి పోయి మోటరు ఆగింది. అలారం పెట్టె దగ్గరికి పోయి తీగె తాకిచ్చిండు. గంట కదలలే. బ్యాటరీ సచ్చి ఉన్నది.

కంచె అవుతల మేకలు కాసే హనుమమ్మ ముసల్ది ఆ కంపుకు ముక్కు మూసుకున్నది. "ఏమైందయ్యా, ఏం కుళ్ళింది?"

"గడ్డ పోయింది అవ్వా. మూడు దినాల సంది ఇక్కడ ఏమన్న ఇన్నవా?"

"ఇన్న. పెండ్లి మొదటి దినం పొద్దటికెళ్ళి పొద్దుగూకేదాక ఫోను మోగింది. ఎవ్వడు ఎత్తడేంది, ఇంత పెద్ద సావుకారుకు ఒక మనిషి కరువైండా అనుకున్న."

ముసల్ది ఫోను అనుకున్నది ఈ అలారం గంటనే. తను గేటు కాడ ఇన్న నిశ్శబ్దం సల్లదనం కాదు. గంట మోగి మోగి సచ్చినంక మిగిలింది.

ఖబర్ కోహీర్‌కు, రాయికోడ్‌కు అదే దినం ముట్టింది. రైతులు బండ్లు కట్టుకొని వచ్చిన్రు. పెండ్లి పందిరి ఇంక విప్పలే. దాని కిందనే నిలవడ్డరు. ముందర కోహీర్ బస్వరాజ్, గురులింగప్పకు వరుసకు మామ అయ్యేటోడు.

"గురులింగా, సావుకారును చూసి పెట్టలే మేము. నువ్వున్నవని పెట్టినం. దసరాకు భూమిల ఏం ఏసుకోవాలె, చెప్పు."

గురులింగప్ప నోరు తెరిచేలోపే సావుకారు అందుకున్నడు. "అడుగున్రి, మీ మనిషినే అడుగున్రి. ఫోను కలిపి ఉంచుడు వాని పని. ఉపాయం వానిదే, జమానత్ వానిదే. పందిట్ల బువ్వకు ఆశపడి ఫోను పెట్టేసి వచ్చిండు."

"నేనా?" అన్నడు గురులింగప్ప. "మీరే గద పెట్టెయ్‌మన్నది! ట్రంకాల్స్ వస్తయని మీరే గద!"

"నేనెప్పుడన్నరా?"

"నడింట్ల అన్నరు. అమ్మ ముందరనే అన్నరు." తలుపు కాడ నిలవడ్డ సుగుణమ్మ దిక్కు తిరిగిండు. "అమ్మా, మీరున్నరు గద. పసుపు కొమ్ములు ఏరుతున్నరు. చెప్పున్రి అమ్మా."

అందరి మొఖాలు అటే తిరిగినయి. సుగుణమ్మ ఎనుక కొత్త కోడలు నిలవడి ఉన్నది, కాళ్ళ పారాణి ఇంక పోలే. సుగుణమ్మ మొగని దిక్కు చూసింది, కోడలి దిక్కు చూసింది. తర్వాత గడప దిక్కు చూసుకుంట అన్నది:

"పెండ్లి సందట్ల నాకేం యాదికి లేదు గురులింగప్పా."

అని లోపలికి పోయింది. గురులింగప్ప ఆమె మీద కోపం చెయ్యలే. ఆమె సుత ఆ ఇంట్లనే ఉండాలె గద.

"ఇనొచ్చిందా?" అన్నడు సావుకారు రైతుల దిక్కు తిరిగి. "అయినా నేను మిమ్మల్ని మట్టిల కలుపను. వీని భూమి నా పేరు మీదికి ఎక్కిచ్చుకుంట, మీకు విత్తనం ఖర్చు నేనిస్త."

బస్వరాజ్ కండ్లల్ల గురులింగప్పకు ఒక్కటే కనవడ్డది: ఎవరిదన్నా కానియ్, విత్తనం రావాలె. కాదంటె కాయితం ఎట్లనూ ఇనుప పెట్టెలనే ఉన్నది, రైతులకు విత్తనం ముట్టదు. అవునంటె తప్పు తన మీదనే పడుతది.

"సరే" అన్నడు.

"మామా, నా అంతట నేను పెట్టెయ్యలే" అని తర్వాత బస్వరాజ్‌కు బండి కాడ చెప్పిండు.

"పెట్టేసింది నీ చెయ్యే గదరా" అన్నడు బస్వరాజ్, ఎద్దులను అదిలిచ్చుకుంట.

రిజిస్ట్రీ ఆఫీసుల వేలుముద్ర అక్కర పడలే. నాలుగో తరగతి సదువు ఆ సంతకానికి సరిపోయింది. ఊరంత సావుకారును మెచ్చుకున్నది, సొంత పైసలిచ్చి రైతులను నిలవెట్టిండని. వానలు తగ్గినంక కొత్త అలారం పెట్టె వచ్చింది, నంబరు తనే తిప్పుకునేది. దాన్ని గోడకు బిగిచ్చింది గురులింగప్పనే. కొలువు ఇడిచిపెట్టి పోనీకె ఒకప్పుడు కాయితం అడ్డమున్నది. ఇప్పుడు కాయితం లేదు, పోనీకె జాగ సుత లేదు.

పోయింది రాయికోడ్ శివారుల, బాయితోటి సహా, రొండెకరాల పదకొండు గుంటల నల్లరేగడి.