పెదవి మీద ఎర్రచుక్క

కంగ్టి ఊరి నుంచి వచ్చిన ఆటో దిగి దేవప్ప నేరుగా బస్ డిపో ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోకి వచ్చాడు. లోపల రోజ ఒక్కతే ఉంది. పెళ్లిళ్లలో కెమెరా పట్టేది ఆమె భర్త స్టాన్లీ. అతను తీసుకొచ్చినదాన్ని కంప్యూటర్లో కత్తిరించి, పాటలు కలిపి పెళ్లి వీడియో చేసేది రోజ.

"చెల్లె, నిరుడు మా తమ్ముడు నర్సింగ్ లగ్గం మీరే తీసిండ్రు," అంటూ దేవప్ప పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. "అండ్ల నా భార్య ఇంద్రమ్మ ఒక్క తాన కనిపిస్తది. ఆమె మూతి మీద ఎర్రచుక్క పడ్డది. గది తీసెయ్యాలె."

"గంత కష్టమెందుకన్నా? ఆమెనే తోల్కరా, మంచిగ కొత్త వీడియో తీస్తం."

దేవప్ప తలవంచుకున్నాడు. "ఉగాది ముంగట పట్నంల పనికాడ గోడ కూలింది చెల్లె. ఆమె దాని కిందవడి పోయింది."

రోజ అతనికి స్టూలు జరిపింది. అతనే చెప్పాడు. ఆధార్ కార్డు మీది మసక బొమ్మ తప్ప ఇంద్రమ్మ ఫోటో ఇంకోటి లేదు. "మా బిడ్డ శ్రీవాణి వాళ్లవ్వను ఫోన్ల గా వీడియోలనే చూస్తది. చుక్క పోతదేమోనని తడి వేలుతోని రుద్దుతది. పోకుంటే ఏడుస్తది."

రోజ వీడియో పెట్టింది. పందిరి కింద ఆడవాళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. వాళ్లలో ఒకామె తలెత్తి కెమెరా వైపు చూసింది. సరిగ్గా కింది పెదవి మీద, గుండుసూది తలంత ఎర్రగా మెరిసింది చుక్క.

అది కెమెరా లోపమని రోజకు తెలుసు. ఆ ఎండాకాలం లోపల బొమ్మను పట్టే పిక్సెల్ చుక్కల్లో ఒకటి పాడైపోయి, తీసిన ప్రతి బొమ్మలోనూ ఒకే చోట ఎర్రగా వెలిగేది. లెన్సుకు మూత పెట్టి చీకటిని రికార్డు చేస్తే గానీ స్టాన్లీకి అది అంతుపట్టలేదు. తర్వాత కెమెరా సెట్టింగుల్లోనే సరిచేశాడు. కానీ అంతకుముందు తీసినవాటిలో చుక్క అలాగే ఉండిపోయింది. మిగతా చోట్ల చీరల మీదా పూల మీదా పడింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

రోజ ముందు చుట్టుపక్కల రంగును చుక్క మీదికి పరిచింది. పెదవంతా అలికినట్టయింది.

"గిట్ల కాదు చెల్లె. ఆమె మూతి గిట్ల ఉండది."

అదంతా చెరిపేసి, ఒక్కొక్క బొమ్మనూ ఆపి, పెద్దది చేసి, పక్కనున్న పెదవి రంగే తీసుకుని దిద్దసాగింది. దేవప్ప స్టూలు మీద కూర్చుని కళ్లార్పకుండా చూశాడు. తెప్పించిన చాయ్ చల్లారిపోయింది.

పని అయ్యాక రోజ మొత్తం నడిపించింది. చుక్క లేదు. ఇంద్రమ్మ తలెత్తింది. పెదవులు కదిలాయి.

"మాట్లాడుతుంది!" దేవప్ప లేచి నిలబడ్డాడు. "చుక్క ఉండంగ సమజ్ కాలే. జర గా పాట బంద్ చెయ్యి చెల్లె, ఏమంటుందో ఇందాం."

రోజ పాట ఆపింది. ఏమీ వినబడలేదు.

"సప్పుడు వస్తలేదేంది?"

"పాట పెట్టేటప్పుడే మాటలు తీసేస్తమన్నా," అంది రోజ మెల్లగా. "వీడియో ఇచ్చినంక అసలుది కూడ ఉంచం. ఇంకో పెళ్లికి జాగ కావాలె గదా."

దేవప్ప మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశాడు. "నేను కెమెరా పక్కకే నిలవడ్డ. నన్ను చూసే అంటుంది. తిన్నవా అన్నదో, బిడ్డేది అన్నదో..." తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నాతోటే అన్నది చెల్లె. నాకే యాదికొస్తలేదు."

మాటలున్న అసలుది ఎక్కడైనా ఉందేమో వెతికి చూస్తానని చెప్పి, దిద్దిన వీడియో అతని ఫోన్లో వేసి పంపింది రోజ. సాయంత్రం స్టాన్లీ వచ్చాక ఇద్దరూ పాత మెమరీ కార్డులూ డిస్కులూ అన్నీ తెరిచారు. వాటి నిండా వేరేవాళ్ల పెళ్లిళ్లే ఉన్నాయి.

తెల్లారి ఫోన్ చేసింది. "దొరకలేదన్నా."

"పోనీ తియ్ చెల్లె. చుక్క పోయిందని బిడ్డ మస్తు సంబురపడ్డది. అవ్వ ఏమంటుంది నాయినా అని అడిగింది. ఏం చెప్పాలె? నిన్నే పిలుస్తుందని చెప్పిన."

అతని వెనక ఆ పెళ్లి వీడియో పాట మొదలైంది. దాని మీదుగా ఒక పసిగొంతు గట్టిగా పలికింది.

"వస్తున్ననే అవ్వా!"

రోజ ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ఉండిపోయింది.