బస్సెక్కిన శవపేటిక

ఇష్బెల్ గెడెస్ సమీక్ష రాసిందంటే సముద్రపొడ్డున ఉన్న పిటెన్‌వీమ్ ఊళ్లో ఎవరికీ మినహాయింపు ఉండదు. బడి వంటగదిలో ముప్పై ఏళ్లు గరిటె తిప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు ఊరి వారపత్రికలో నాటకాలనీ, పాటకచేరీలనీ తూచి రాస్తుంది. కిందటి క్రిస్మస్‌కి సొంత చెల్లెలి గొంతును తడిసిన బ్యాగ్‌పైపు తిత్తివాద్యంతో పోల్చింది. చెల్లెలు ఈస్టర్ దాకా మాట్లాడలేదు.

అందుకే ప్లంబర్ వాటీ ఇమ్రీ తను తీసిన పన్నెండు నిమిషాల హాస్యచిత్రానికి ఆవిడను పిలవలేదు. అయినా చర్చి హాలు తలుపు దగ్గర నోటుపుస్తకంతో అందరికన్నా ముందు నిలబడింది ఆవిడే.

సినిమా మొదలైంది. శవాన్ని తీసుకెళ్లే కారు దారిలో మొరాయిస్తుంది. నల్ల టైలు కట్టుకున్న నలుగురు శవపేటికను ఊరి బస్సులోకి ఎక్కిస్తారు. అరవై దాటినవాళ్లకు టికెట్ అక్కర్లేదు గానీ పోయినాయన పాసు చూపించి తీరాలంటాడు డ్రైవరు.

ఇష్బెల్ పెదవి బిగించి రాసుకుంది. 'పాసు గొడవ బాగుంది. డ్రైవరు మొహం ఇంకా బాగుంది. సముద్రపు గాలి హోరులో సగం మాటలు కొట్టుకుపోయాయి. మొదటి రెండు నిమిషాలు దండగ. పేటికలో శవం తుమ్మింది.'

అంతలో తెరమీద బస్సు ఆగి, ఒక పెద్దావిడ చక్రాల సంచీ లాక్కుంటూ ఎక్కింది. ఆ సంచీ ఇష్బెల్‌ది. ఆ పెద్దావిడ కూడా ఇష్బెలే.

"ఏమయ్యా, ఆయనకి ఇంక తొందరేముంది? కాస్త పక్కకి జరపండి. నాకు చేపల కొట్టు మూసేస్తారు."

హాలు హాలంతా గొల్లున నవ్వింది. ఇష్బెల్ పెన్సిల్ ఆగిపోయింది.

మార్చిలో ఒక శనివారం జరిగిన సంగతి అది. సినిమా కోసం అడిగి తెచ్చుకున్న బస్సును డ్రైవరు అలవాటుకొద్దీ ఆవిడ స్టాపులో ఆపేశాడు. వెనక సీట్లోని చిన్న కెమెరా ఆవిడ కంటపడలేదు. ఎవరు పోయారని అడిగితే, వాటీ తల వంచుకుని "మా బాబాయండీ" అన్నాడు. శవాన్ని పట్టుకుని అంత మాటన్నానే అని మనసు పీకి, ఆవిడ ఆ మధ్యాహ్నమే గిన్నెడు బార్లీ సూప్ కాచి వాటీ ఇంటికి మోసుకెళ్లింది. అతను గుమ్మంలోనే కళ్లు తుడుచుకుని మరీ అందుకున్నాడు.

ఇప్పుడు తెరమీద చివరి పేర్లలో 'భోజనం: దయగల ఒక పొరుగావిడ' అని పడింది.

బయట వాటీ ఎదురొచ్చాడు. "ఇష్బెల్ గారూ, చెబుదామనే అనుకున్నానండీ..."

"మీ బాబాయి ఎలా ఉన్నాడు?"

"డండీలో... బాగానే ఉన్నాడండీ."

"పోయాక కోలుకున్నాడన్నమాట."

"నిజం చెప్పి షూటింగ్ ఆపితే బస్సు మళ్లీ దొరకదండీ. పైగా మాలో ఎవరికీ అంత బాగా దెప్పడం రాదు."

"మరి సూపో? అదీ సినిమా కోసమేనా?"

"లేదండీ. అది ఆకలి కోసం."

ఇష్బెల్ నవ్వు దాచుకోవడానికి రుమాలు తీసి ముక్కు చీదింది.

గురువారం సమీక్ష వచ్చింది. రాసుకున్న లోపాల్లో ఒక్కటీ వదల్లేదు. 'సంచీ ఆవిడ మరీ అతి చేసింది' అని కూడా రాసింది. 'దర్శకుడికి ఏడుపు నటన దైవదత్తం. తెరమీద కాదు, గుమ్మంలో చూడాలి' అని ముగించింది. ఆ కాగితం కత్తిరించి, నల్ల అంచు సంతాపం కార్డుతో కలిపి డండీ బాబాయికి పోస్టు చేసింది. ఆ పెద్దాయన వాటీకి ఫోన్ చేసి, తన చావు గురించి గంటసేపు ఆరా తీశాడు.

వాటీ మొదటి రెండు నిమిషాలు కోసేసి సినిమాను గ్లాస్గోలో పోటీకి పంపాడు. ఇష్బెల్‌ని కూడా తీసుకెళ్లాడు. బహుమతి రాలేదు. తిరుగు రైల్లో ఫోర్త్ నది మీది వంతెన దాటేదాకా ఆవిడ బహుమతి వచ్చిన సినిమాను చీల్చి చెండాడుతూనే ఉంది. వాటీ పక్కన కూర్చుని ఆవిడ మాటలన్నీ బుద్ధిగా రాసుకున్నాడు.