ఎంతసేపటికి పుడతారు, అన్నయ్యా?

గొడవ ఫ్యాను దగ్గర మొదలైంది.

"ఎవరు వేశారిది?" అంటూ బట్టల అలమర తలుపు తోసుకుని మా ఆడపడుచు తల బయటికి పెట్టింది. ముఖమంతా చెమట. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో మైకు.

"నేనే వేశాను. ఉరి తీస్తారా?" అంది అత్తయ్య మంచం మీద నుంచి కదలకుండా.

"అమ్మా, ముక్తి గురించి చదువుతున్నాను. వెనకాల గిరగిరమని ఒకటే రొద."

"ముక్తి సంగతి తర్వాత. నాకు ముందు ఈ ఉక్క నుంచి ముక్తి కావాలి. కుక్కర్ పెట్టకూడదు, కుర్చీ జరపకూడదు, దగ్గొస్తే మింగాలి. ఇది ఇల్లా, పరీక్ష హాలా?"

నేను లేచి ఫ్యాను ఆపి, విసురుకోవడానికి ఆవిడ చేతికి ఒక పాత పత్రిక ఇచ్చాను. ఆవిడ నా వంకే చూస్తూ, ఆ కాగితం చప్పుడుకి కూడా ఎవరైనా వచ్చి పట్టుకుపోతారన్నట్టు మరీ మెల్లిగా విసురుకుంది. అలమర తలుపు మూసుకుంది.

ఆడపడుచును ఇంట్లో అందరం చిలక అంటాం. చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడేదట. పెద్దయ్యాక ఆ గొంతే జీవనాధారం అయింది. రైల్వే ప్లాట్‌ఫారం మీద వినిపించే ప్రకటనలు, ఫోన్లో "మరోసారి ప్రయత్నించండి" అనే మాటలు, ఇలాంటివన్నీ చదివేది. తన పాప పోయిన రోజున ఆ గొంతు ఆగిపోయింది. ఏడాది కూడా నిండని పిల్ల. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. పాప తండ్రి ఓడ మీద ఇంజనీరు. వచ్చి, కొన్నాళ్ళుండి, సెలవు అయిపోయాక మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళాడు. చిలక మా ఇంటికి వచ్చింది. నెలల తరబడి "ఊఁ", "ఊహూఁ" తప్ప ఆ నోట మాట లేదు.

అలాంటి సమయంలో ఊళ్ళో ప్రదర్శనశాల వాళ్ళు మా ఆయన్ని ఒక పాఠం రాసిమ్మన్నారు. ఆయన కాలేజీలో తత్వశాస్త్రం చెప్తారు. భారతదేశంలో పుట్టిన మతాల కోసం అక్కడ కొత్త గది కట్టారు. చూడవచ్చినవాళ్ళు చెవికి పెట్టుకుని వినడానికి పరిచయం లాంటిది కావాలన్నారు. ఆయన రాసి, కాగితాలు చెల్లెలి ఒడిలో పెట్టి, "నువ్వు చదివితేనే ఇస్తాను" అన్నారు. రెండు రోజుల తర్వాత చిలక తనంతట తనే అలమరలోకి వెళ్ళి కూర్చుంది. ఆ తలుపు వెనక నుంచి మొదటి వాక్యం బయటికి వచ్చినప్పుడు అత్తయ్య అడగకుండానే టీవీ కట్టేసింది. అందుకే ఫ్యానైనా, కుక్కరైనా, ఆ పనికి అడ్డొచ్చే దేన్నీ నేను సహించలేదు. ఆ పని ఆగితే గొంతు మళ్ళీ ఆగుతుందని నా భయం.

మా పద్ధతి ఇదీ. అలమరలో వేలాడే బట్టలు గొంతులోని మోతను పీల్చేస్తాయి. బయట ముక్కాలిపీట మీద నేను ఇంకో జత హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాగితం చూస్తూ వింటాను. తప్పు దొర్లితే చేతులు ఒక్కసారి టప్పున చరుస్తాను. కంప్యూటర్లో ఆ చప్పుడు నిలువు కంబంలా కనిపిస్తుంది. అక్కడ కోసెయ్యడం తేలిక. చిలక ఏమీ అడగకుండా ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి అందుకుంటుంది. పోనుపోను ఇది ఇంటి అలవాటైంది. అత్తయ్య ఎవరినైనా అనరాని మాట అంటే నేను చేతులు చరిచేదాన్ని. ఆవిడ మూతి తిప్పుకుని, "సరే, మళ్ళీ మొదటినుంచి" అని అదే మాట కాస్త మెత్తగా అనేది.

ఫ్యాను ఆపాక ఆ రోజు చిలక చదివిన భాగం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"హిందూ, బౌద్ధ, జైన, సిక్కు మతాలు ఎన్నో విషయాల్లో వాదించుకున్నాయి. ఆత్మ ఉందా లేదా అన్న దగ్గరే హిందువులకూ బౌద్ధులకూ పడలేదు. ఈ లోకాన్ని ఒకడు చేశాడంటే జైనులు ఒప్పుకోరు. ఆ ఒక్కడి దయ లేనిదే విడుదల లేదని సిక్కులు అంటారు. అయినా నాలుగిళ్ళ పునాదులూ తవ్వి చూస్తే ఒకే రకం రాయి కనిపిస్తుంది. చేసిన పని చేసినవాణ్ణి వదలదు. చావుతో కథ ముగియదు, మళ్ళీ పుట్టుక ఉంటుంది. ఆ తిరుగుడు నుంచి బయటపడటమే ముక్తి. అందాకా సాటి ప్రాణిని నొప్పించకుండా బతకాలి."

'మళ్ళీ పుట్టుక ఉంటుంది' దగ్గర ఆగిపోయింది. తప్పు చదవలేదు. నేను చేతులు చరచలేదు.

"అన్నయ్యా," అంది అలమరలోంచే.

"ఊఁ," అన్నారు మా ఆయన, పరీక్ష పేపర్లు దిద్దుతూ.

"ఎంతసేపటికి?"

"ఏది?"

"మళ్ళీ పుట్టడం. పోయాక ఎంతసేపటికి పుడతారు, అన్నయ్యా?"

మా ఆయన పెన్ను కింద పెట్టేశారు. ముఖం వెలిగిపోయింది. "భలే ప్రశ్న! ఇన్నేళ్ళలో నా క్లాసులో ఒక్క మొద్దు కూడా అడగలేదు. జైనులేమంటారంటే, రెప్పపాటు కూడా పట్టదు. ఇక్కడ పోవడం, ఇంకోచోట పడటం. బౌద్ధుల్లో కొందరు అంతే అంటారు, కొందరు మధ్యలో కొన్ని వారాలు ఉంటాయంటారు. ఇందులో తర్కం ఏమిటంటే..."

"రెప్పపాటులో," అంది చిలక.

"అది జైనుల లెక్క. చాలా పకడ్బందీ లెక్క కూడా. ఎందుకంటే..."

"చాల్లే అన్నయ్యా."

చెవి పట్టుకోలేనిది మైకు పట్టుకుంటుంది. చిలక ఊపిరి ఒకసారి తడబడి, తర్వాత ఎంతో నెమ్మదిగా, నిండుగా వచ్చింది. ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివింది. అంత బాగా అదివరకెప్పుడూ చదవలేదు.

ఆ తర్వాత మనిషి మారింది. తల దువ్వుకుంది. కూరలో ఉప్పు తక్కువైందని వంక పెట్టింది. మధ్యాహ్నం వేళ "అలా నడిచొస్తాను, వదినా," అని బయల్దేరేది. వచ్చేటప్పుడు ముఖం తేటగా ఉండేది. "నా పిల్ల నాకు దక్కింది," అంది అత్తయ్య, ఫ్యాను లేకపోయినా విసుక్కోకుండా. మా ఆయనకైతే గర్వం. "చూశావా, చదువు మనిషిని ఎలా నిలబెడుతుందో," అన్నారు నాతో. నేనూ తలూపాను.

ఒక మధ్యాహ్నం, చిలక బయటికి వెళ్ళిన వేళ, ఫోన్ వచ్చింది.

"మీరు వదినగారా? మీ ఆడపడుచు ఈ నంబరు ఇచ్చారు. ప్రసూతి వార్డు హెడ్ నర్సుని మాట్లాడుతున్నాను. కంగారు పడకండి. ఆవిడకేం కాలేదు. మీరొకసారి వచ్చి తీసుకెళ్తే బాగుంటుంది."

ఏ చెప్పులు వేసుకున్నానో తెలియలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర చూసుకుంటే ఒకటి నాది, ఒకటి అత్తయ్యది.

హెడ్ నర్సు నన్ను పక్కకి తీసుకెళ్ళింది. పెద్దావిడ, మాట తగ్గించి మాట్లాడే మనిషి. "ఈమధ్య రోజూ వస్తున్నారమ్మా. పసిపిల్లల గది అద్దం దగ్గర నిలబడేవారు. ఎవరో చుట్టం అనుకున్నాం. ఇవాళ లోపలికి, బాలింతల దగ్గరికి వెళ్ళారు. ఒక్కొక్క మంచం దగ్గర ఆగి, 'మీ పాపకి ఎడమ చెవి వెనక మచ్చ ఉందా?' అని అడిగారు. లేదంటే నవ్వి, పక్క మంచానికి వెళ్ళారు. ఒక అమ్మాయి మాత్రం ఉందంది."

మా పాపకి అక్కడే మచ్చ ఉండేది.

"ఎవర్నీ ముట్టుకోలేదు, అది చెప్పాలి. 'వచ్చేశావా' అన్నారు, అంతే. ఆ పిల్ల అమ్మమ్మ కేకలు పెట్టింది. ఈసారి వస్తే నేను గేటు దగ్గర చెప్పి ఆపించాలి, ఏమీ అనుకోకండి."

చిలక వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నంత ప్రశాంతంగా.

"కూర్చో వదినా. చెప్పులేంటలా?"

"చిలకా, ఏం పనిది?"

"లెక్క సరిపోయింది వదినా. రెప్పపాటులో అయితే, ఆ రోజే ఎక్కడో కడుపులో పడి ఉంటుంది. తొమ్మిది నెలలు ఈ వారంతో నిండాయి. ఎక్కడ పుడుతుందో తెలియదనుకో, కానీ మొదట దగ్గర్లో వెతకాలి కదా."

ఒక స్టీలు గిన్నె జారి పడితే ఆ చప్పుడు చాలాసేపు చెవుల్లో తిరుగుతుంది. ఆ మాట నాలో అలా తిరిగింది. మా ఆయన ఆ రోజు పెన్ను కింద పెట్టి, మెరిసే ముఖంతో చెప్పిన జవాబు ఇక్కడిదాకా నడిచొచ్చింది.

"దొరికితే ఏం చేసేదానివి?" అన్నాను. అడగడానికి నాకే భయం వేసింది.

"ఎత్తుకుపోతాననుకున్నావా?" అంది. "చూద్దామని. దానికి దుప్పటి తన్నేసే అలవాటు వదినా. కప్పేవాళ్ళు ఉన్నారో లేదో చూద్దామని. అంతే." మళ్ళీ తనే, "ఇంకో వాక్యం కూడా ఉంది కదా. చేసిన పని చేసినవాణ్ణి వదలదని. ఏడాది నిండని పిల్ల ఏం చేసి ఉంటుంది? నేనే ఏదో చేసి ఉండాలి."

దారి పొడుగునా తన చెయ్యి వదలలేదు నేను. ఇంటికొచ్చాక చిలక పడుకుంది. మిగతా ఇద్దరినీ వంటగదిలోకి పిలిచి, తలుపు వేసి చెప్పాను. అత్తయ్య స్టౌ గట్టు పట్టుకుని నిలబడిపోయింది. "ఆ మాట మొదట నేనే అన్నాను," అంది చివరికి. "పాప పోయిన రోజు. 'ఏ జన్మలో ఏం చేసుకున్నావే తల్లీ' అని. ఏడుపులో అన్నాను. నోటికొచ్చే మాటే కదా అది." నేను చేతులు చరచలేకపోయాను.

మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. "నేను పాఠం గురించి చెప్పాను!"

"తను పాప గురించి అడిగింది," అన్నాను.

రాత్రి భోజనానికి చిలక వచ్చి కూర్చుంటుందని ఎవరమూ అనుకోలేదు. వచ్చింది. కంచాలు సర్దింది. ఎవరి గ్లాసులో వాళ్ళకి నీళ్ళు పోసింది. ఒక్క మాట లేదు. ఆ మౌనం మాకు తెలిసిన మౌనమే.

మా ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "ఆ పేరా తీసేస్తున్నాను," అన్నారు. "ప్రదర్శనశాల వాళ్ళకి రేపు చెప్తాను."

టప్.

చిలక. రెండు చేతులూ కంచం మీదుగా అలాగే ఉన్నాయి. అందరం ఉలిక్కిపడ్డాం.

మా ఆయన తత్తరపడి, "అంటే, అది ఆయా మతాలవాళ్ళ నమ్మకం మాత్రమేననీ, పండితుల్లో కూడా భిన్నాభిప్రాయాలున్నాయనీ..." అన్నారు.

టప్.

"వాడికేం కావాలో చెప్పవే," అంది అత్తయ్య ఏడుపు గొంతుతో.

"మళ్ళీ మొదటినుంచి చెప్పు అన్నయ్యా," అంది చిలక. "ఎంతసేపటికి పుడతారు?"

ఆయన చెల్లెలి వంక చూశారు. పాఠం చెప్పేవాళ్ళకి ఒక చూపు ఉంటుంది, ఎదుటివాళ్ళ తల మీదుగా వెనక గోడను చూసే చూపు. అది ఆయన కళ్ళల్లోంచి పోయింది.

"నాకు తెలియదు చిలకా," అన్నారు. "పుడతారో లేదో కూడా తెలియదు. కొన్ని కోట్లమంది పుడతారని నమ్మారు. నమ్మి బతికారు. అంతవరకే నాకు తెలుసు. పాప ఎందుకు పోయిందో నాకు తెలియదు. నువ్వు ఏదో చేశావని ఏ పుస్తకమైనా అంటే, ఆ పుస్తకానికి నువ్వెవరో తెలియదు."

చిలక చేతులు కంచం పక్కన పెట్టుకుంది. చరచలేదు. చాలాసేపటికి ఒక ముద్ద తిన్నది. ముద్ద దిగాక అంది:

"ఆ పేరా తియ్యొద్దు. నమ్మినవాళ్ళున్నారు కదా, ఉండనీ. నేను మాత్రం చదవను. నువ్వు చదువు, అలమరలో కూర్చుని. చివర్లో ఇప్పుడన్నావే, 'నాకు తెలియదు' అని, అది కూడా చదువు. మిగతాదంతా నేను చదువుతాను."

"వాడి గొంతా? వచ్చినవాళ్ళు నిలబడే నిద్రపోతారే!" అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

చిలక నవ్వలేదు. "రేపటి నుంచి ఆసుపత్రికి వెళ్ళను," అంది. "వదినా, పాప దుప్పటి అలమరలో నా వెనకే వేలాడదీసుకున్నాను, గొంతు మోగకుండా ఉంటుందని. రేపు నువ్వది తీసుకెళ్ళి ఆ నర్సుకి ఇచ్చెయ్. ఎవరికి కప్పారో నాకు చెప్పొద్దు."