రెండు జీపుల నడుమ గుర్రం

కృపావరం అయ్యవారు గుర్రమెక్కింది డాబు కోసం కాదు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, సైకిలు తొక్కలేడు. వేములకు పైన, బస్సు పోని ఓ గొల్లపల్లెలో ఆయన బడి. బడికి అయ్యవారు ఆయనొక్కడే. అంతకుముందు వచ్చినవాళ్ళంతా నెల తిరక్కముందే బదిలీ చేయించుకుని పోయారు. జమ్మలమడుగు మిషన్ బడిలో చదువుకున్న ఈయన మాత్రం మొండిగా నిలబడ్డాడు. ప్రొద్దుటూరులో ఆటోలు పెరిగి జట్కాలు మూలపడినప్పుడు, జట్కా తోలే నూరుల్లా తన ఆడగుర్రాన్ని అమ్ముతున్నాడని తెలిసి కొనుక్కొచ్చాడు.

గుర్రం మంచిదే. చిక్కల్లా జీపులతో. జట్కాకు కట్టినన్నాళ్ళూ దాని కళ్ళకు గంతలుండేవి. గంతలు కట్టి పైకెక్కితే కొండదారిలో రాళ్ళు కనపడక తూలుతుందని అయ్యవారు తీసేశాడు. దాంతో వెనకనుంచి హారన్ మోగితే చాలు, అది పక్కనున్న చీనీ, అదే బత్తాయి, తోటల్లోకి దూకేది. అయ్యవారు ఓసారి ముళ్ళకంచెలో పడ్డాడు, ఇంకోసారి కాలవలో. మళ్ళీ పడితే గుర్రాన్ని అమ్మేసి బదిలీకి అర్జీ పెట్టాల్సిందేనని భార్య ఎలిజబెత్ తేల్చి చెప్పింది. ఆమె తీర్పు మీద అప్పీలు లేదు. ఆయన పోతే ఆ బడికి తాళమే.

ఆ రోడ్డు మీద చెప్పుకోదగ్గ జీపులు రెండే. ఒకటి రంగన్నది, ఒకటి సంజీవయ్యది. చెరో పార్టీ, చెరో జెండా, ఇద్దరికీ పులివెందుల కోర్టులో వాయిదాలు. ఫ్యాక్షన్ జీపు దారిలో నిదానించేది కాదు. దారికి అడ్డంగా ఎద్దులబండి ఆగి ఉందంటే దాని వెనక బాంబులున్నాయనే లెక్క. హారన్ మీద చెయ్యి తీయకుండా దూసుకుపోయేవాడే మంచి డ్రైవరు.

ఓ పొద్దున వెనక రంగన్న జీపు రావడం చూసి అయ్యవారు గుర్రాన్ని పక్కకు తిప్పి, నిదానంగా పొమ్మని చెయ్యెత్తాడు. మా సీమలో రోడ్డు పక్కన చెయ్యెత్తడమంటే పొదల్లో కూర్చున్నవాళ్ళకు సైగ చేసినట్టే. పాపం, బైబిలు చదివిన మనిషికి ఆ సంగతి తట్టలేదు. జీపు కీచుమని ఆగింది. నలుగురు కొడవళ్ళతో దూకారు. ఆయన సంచి దులిపితే బైబిలు, సుద్దముక్కలు, సద్దిగిన్నె రాలాయి.

"ఎవునికి చెయ్యి సూపిస్తాండావు అయివారా?" అన్నాడు రంగన్న.

"నీకేనప్పా. నీకు ఎత్తిన చెయ్యంటే బయం, నా గుర్రానికి హారనంటే బయం. ఇద్దరమూ పోవాల్సింది ఈ రోడ్డుమీదనే గదా."

రంగన్నకు భయమని ఇంతవరకు ఎవరూ మొహాన అనలేదు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. జీపు కనపడగానే అయ్యవారు రోడ్డు దిగి, గుర్రం మొహాన్ని జీపు వైపు తిప్పి పట్టుకోవాలి. ఎదురుగా వచ్చేదాన్ని చూస్తే అది అంతగా బెదరదు. డ్రైవర్ హుమాయున్ హారన్ కొట్టకుండా నిదానంగా పోవాలి.

ఆ మాట విని ఎలిజబెత్ తల పట్టుకుంది. ఒక్కరి దగ్గరే ఒప్పందం చేసుకుంటే రేపటికల్లా రంగన్న పార్టీ అయ్యవారంటారు, ఆ తర్వాత మిగిలేది శవపేటికేనంది. పొద్దుగూకేలోపే ఆయన్ని సంజీవయ్య ఇంటికి తరిమింది.

సంజీవయ్య గుర్రం సంగతి అడగనే లేదు, రంగన్న ఏమన్నాడని అడిగాడు. నిదానిస్తానన్నాడని అయ్యవారు చెప్పాడు.

"వాడు నిదానిస్తే, నేను గుర్రం పోయేదాకా నిలబెడతా పో" అన్నాడు సంజీవయ్య.

అది తెలిసి రంగన్న జీపు నిలబెట్టడమే కాక ఇంజను కూడా ఆపించసాగాడు. సంజీవయ్య ఊరుకుంటాడా? అతనూ అంతే. పంతం తలలు తీయడమే చూసిన జనానికి, పంతం మర్యాద నేర్పడం వింతగా తోచింది. అయ్యవారు మళ్ళీ పడలేదు. గుర్రం నున్నగా తేరింది.

చీనీకాయలు కోసే కాలంలో ఓ పొద్దున, రంగన్న పులివెందులకు పోతున్నాడు, సంజీవయ్య తిరిగొస్తున్నాడు. సరిగ్గా గుర్రానికి చెరోపక్క రెండు జీపులూ ఆగాయి. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. గుర్రం పోయాక కదలాలన్నది మాట. ముందు కదిలినవాడు ఓడినట్టు. మనుషుల చేతులు మెల్లగా సీట్ల కిందికి పోయాయి.

తను పోతే నడుమ ఏమీ ఉండదని అయ్యవారికి అర్థమైంది. గుర్రం దిగి, కళ్ళెం పట్టుకుని రోడ్డు అంచున నిలబడ్డాడు.

"నేను ఈడ్నించి కదలను. మీరిద్దరూ ఒగేసారి పోండప్పా. బడికి పొద్దుపోతాంది" అన్నాడు.

ఆఖరికి రంగన్న హుమాయున్ భుజం తట్టాడు. అటు సంజీవయ్య తన డ్రైవరుకు తల ఊపాడు. ఇంజన్లు ఒక్కసారే మోగాయి. తారురోడ్డు సన్నం, చెరో చక్రం మట్టిలో దించి ఎద్దులబండ్లలా కదిలాయి. గుర్రం వైపు వచ్చింది సంజీవయ్య జీపు. రెండూ చెయ్యి చాపితే అందేంత దగ్గరయ్యాక రంగన్న నోరు తెరిచాడు.

"గుర్రం తన్నేట్టుంది, సూసుకో."

"సూసినాలే" అన్నాడు సంజీవయ్య.

చెరో తమ్ముడూ ఈ కక్షల్లో చచ్చిన నాటినుంచి ఆ ఇద్దరి మధ్య నడిచిన మొదటి మాటలవి. జీపులు వెళ్ళిపోయాయి. అయ్యవారికి సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది. గుర్రం మెడ మీద తల పెట్టి కాసేపు నిలబడి, బడిదారి పట్టాడు.

ఆయనకంటే ముందే మేకల కాపరులు పరుగెత్తుకొచ్చి, రెండు జీపులూ ఎదురెదురుగా నిలిచాయని పల్లెలో చెప్పేశారు. పిల్లలంతా బడి గుమ్మంలో గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో రంగన్న వర్గం పిల్లలున్నారు, సంజీవయ్య వర్గం పిల్లలూ ఉన్నారు.

"ఎంతమంది సచ్చినారు అయివారా?" అని అడిగింది మునెమ్మ. ఆ పిల్లకు ఏడేళ్ళు.

"ఎవురూ సావలేదు. పలకలు తీయండి."

పిల్లలు నమ్మలేక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత పలకలు తీశారు.