ఇద్దరు తొడుక్కున్న నైటీ

నేను ఒక నైటీని. నవ్వుకోండి, ఫరవాలేదు. పేరు రాత్రిదే గానీ నా కొలువంతా పగలే. పాలపాకెట్టుకీ, కూరగాయల బండికీ, పక్కింటి తగువుకీ ఆడవాళ్ళు నన్ను తొడుక్కునే వెళ్తారు. ఎవరైనా పెద్దాయన ఎదురైతే మాత్రం భుజాన ఒక తువ్వాలు పడేసుకుని, నన్ను దాచేశామనుకుంటారు.

నన్ను కుట్టినావిడ తన పసిబిడ్డను పీలికల కుప్ప మీద పడుకోబెట్టి, కాలితో మిషను తొక్కుతూ నోటితో జోల పాడేది. ఆవిడ అవస్థ చూసి, జీతం బాగా వచ్చే వాళ్ళింటికి పోతే ఈ గోల ఉండదులే అనుకున్నాను. గుడ్డ తెలివి గుడ్డ తెలివే కదా.

బెజవాడ బీసెంట్ రోడ్డులో అరగంట బేరమాడి నన్ను కొన్న మనిషి పేరు రత్నకుమారి. సిటీ బస్సులో కండక్టరు. బస్సులో వందమందిని సర్దుకుని నిలబడమని గదమాయించే ఆ మనిషి, అయిదో నెల కూతురు లిఖిత గుక్కపట్టి ఏడిస్తే కాళ్ళూ చేతులూ ఆడక నిలబడిపోయేది. సెలవు అయిపోవస్తోంది. తెల్లవారి అయిదింటికి డ్యూటీకి వెళ్తే తిరిగొచ్చేసరికి సాయంత్రం నాలుగు. భర్త సుధాకర్‌ది టైర్ల షాపులో పని. అత్తగారు తెనాలిలో కూతురి పిల్లలతో సతమతమవుతోంది. వీధి చివరి క్రెష్‌లో ఏడాది నిండని పిల్లల్ని తీసుకోరు. ఏజెన్సీ వాళ్ళు ఆయాకి అడిగింది వింటే, ఈవిడే కండక్టరు పని మానేసి ఆయాగా చేరడం మేలనిపించింది.

ఆఖరికి డ్యూటీలో చేరిన మొదటివారం, బిడ్డను రోజుకొకరి దగ్గర వదిలి, టిక్కెట్లు కొడుతూనే ఎక్కిన పెద్దవాళ్ళందర్నీ అడగడం మొదలుపెట్టింది. అలా దొరికింది నాంచారమ్మ. యాభై దాటిన మనిషి, ఒంటరిది, ఇడ్లీబండి మూసేసి ఖాళీగా ఉంది. రత్నకుమారి జీతంలో మూడోవంతుకు ఒప్పుకుంది.

మొదటి నాలుగు రోజులూ పిల్ల సీసా పట్టలేదు, నిద్రపోలేదు. అయిదోరోజు నాంచారమ్మ ఒక ఉపాయం చెప్పింది. రత్నకుమారి పొద్దున విప్పిన నైటీని ఉతక్కుండా ఉంచేస్తే, అది తను చీర మీద తొడుక్కుంటానంది. అలాగే చేశారు. పిల్ల నా మెడ దగ్గర ముక్కు ఆనించి రెండుసార్లు వాసన చూసి, సీసాడు పాలూ తాగి పడుకుంది. నేను ఉబ్బిపోయాను. ఇంత గొప్ప నైటీ కృష్ణాజిల్లాలో ఇంకోటి లేదనుకున్నాను.

అప్పట్నుంచీ నాకు రెండు ఒళ్ళు. రాత్రి రత్నకుమారి, పగలు నాంచారమ్మ. తల్లి వాసన మీద కొబ్బరినూనె, వక్కపొడి, తిరగమోత కొంచెం కొంచెంగా ఎక్కుతూ పోయాయి. నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నాకు నోరేదీ?

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం లిఖిత నాంచారమ్మ మొహంలోకి చూసి 'అమ్మ' అంది. నాంచారమ్మ గబుక్కున వాకిలి వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని. "నేను కాదే బంగారం, అమ్మ నాలుగింటికి వస్తది" అని ముద్దు పెట్టుకుంది. ఆ సాయంత్రం రత్నకుమారి చెప్పులు విప్పుతూ, అమ్మా అందా అని రోజూలాగే అడిగింది. ఇంకా లేదమ్మాయ్ అని చెప్పింది నాంచారమ్మ. రెండునెలలు అదే మాట చెప్పింది. తల్లికి దక్కాల్సింది తను దోచుకున్నట్టు కుమిలిపోయేది పాపం.

రత్నకుమారి వారానికోసారి వచ్చే సెలవు రోజున నన్ను తొడుక్కుని పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. మరిచిపోయిన వక్కపొడి డబ్బా కోసం నాంచారమ్మ గుమ్మంలోకి వచ్చింది. పిల్ల రెండు చేతులూ అటు చాపి, అమ్మా అని ఏడుపు లంకించుకుంది.

నాంచారమ్మ డబ్బా తీసుకోకుండానే వెళ్ళిపోయింది. రత్నకుమారి నన్ను విప్పి, సబ్బుపొడిలో నానబెట్టి, బండమీద కసితీరా బాది ఎండలో పడేసింది. మర్నాడు పనిలోకొచ్చిన నాంచారమ్మతో, ఏడాది నిండబోతోంది కదా, ఇక క్రెష్‌లో వేస్తాం పిన్నీ అని, మొహం చూడకుండా చెప్పింది.

ఏడాది నిండగానే క్రెష్‌లో వేస్తే లిఖిత మూడు రోజులు కంటిమీద రెప్ప వెయ్యలేదు. ఒళ్ళు కాలింది. ఇంకో రెండురోజులు చూస్తాం, కుదురుకోకపోతే తీసుకెళ్ళిపోవాలన్నారు వాళ్ళు. రత్నకుమారికి సెలవు ఒక్కరోజు కూడా మిగల్లేదు. ఆవిడ ఉద్యోగం మానేస్తే ఇంటి అద్దెకే దిక్కులేదు.

నన్ను సంచిలో పెట్టుకుని నాంచారమ్మ గదికి వెళ్ళింది. రమ్మని అడగాలనే వెళ్ళింది. అప్పటికే నాంచారమ్మ పటమటలో కవలపిల్లల ఇంట్లో కుదిరిపోయింది. "మాటిచ్చేశానమ్మాయ్. నేను తప్పుకుంటే ఆ తల్లి మటుకు ఎక్కడికి పోద్ది?"

రత్నకుమారి గడపలోనే చతికిలబడింది. తర్వాత నన్ను బయటికి తీసి, "తప్పు నాదే పిన్నీ. ఈ ఒక్కరోజూ దీన్ని తొడుక్కుని ఇవ్వండి" అంది. ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. నాంచారమ్మ చీర మీదే నన్ను తొడుక్కుని, కళ్ళు తుడుచుకుని, పొయ్యి ముందుకెళ్ళి తిరగమోత పెట్టింది.

మర్నాడు క్రెష్‌లో నన్ను చాపమీద పరిచారు. లిఖిత మొహం నాలో దూర్చి 'అమ్మ' అనుకుంటూ నిద్రపోయింది. రత్నకుమారి బ్యాగు భుజాన వేసుకుని డ్యూటీకి పరుగెత్తింది.

ఇదంతా జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు నేను అదే క్రెష్‌లో నేల తుడిచే గుడ్డను. నాలో ఫినాయిల్ వాసన తప్ప ఇంకేదీ లేదు. లిఖిత నన్ను తొక్కుకుంటూ ఆడుకుంటుంది, గుర్తుపట్టదు. ఒక్కోసారి అనుకుంటాను, నాంచారమ్మ నన్ను తొడుక్కున్న ఆ మొదటిరోజే బావిలోనో బురదలోనో పడి ఉంటే ఎంత బాగుండేదోనని. మళ్ళీ ఆ పిల్ల అప్పుడు ఆకలికి ఏమైపోయేదోనని భయం వేస్తుంది.

సాయంత్రం నాలుగున్నరకి ఖాకీ చొక్కాతో రత్నకుమారి గేటు దగ్గరికి వస్తుంది. లిఖిత అమ్మా అని అరుస్తూ పరుగెత్తుకెళ్తుంది. రత్నకుమారి చేతులు చాపుతుంది. చాపే ముందు మాత్రం, ఇప్పటికీ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుంటుంది.