గేటు బయట తమ్ముళ్ళు

మా అమ్మాయి పనిచేసే ఆఫీసు మా ఊళ్ళోనే ఉంది గానీ మా ప్రభుత్వానిది కాదు. చాలా పేద దేశాలు కలిసి పెట్టుకున్నది. ఒక చిన్న దేశం పెద్ద ఓడల కంపెనీతో ఒప్పందం రాసుకోవాలంటే, చిన్న అక్షరాల్లో ఎక్కడ గొంతు కోస్తున్నారో చూసి చెప్పే లాయర్లు ఆ దేశంలో సరిపడా ఉండరట. అందుకని అన్ని దేశాలకూ కలిపి లాయర్లను ఒకచోట కూర్చోబెట్టారు. ఆ చోటు ఇస్తామని మా దేశం ముందుకొచ్చింది. స్థలమిచ్చింది, మేడ కట్టించింది, దానితోపాటు ఒక మాట కూడా ఇచ్చింది: ఆఫీసు పెద్ద రమ్మంటే తప్ప మా యూనిఫారం వేసుకున్న మనిషెవడూ మీ గేటు దాటడు.

ఇల్లరికపు అల్లుడికి గదిచ్చి, తలుపు తట్టకుండా లోపలికి రామని మామగారు ఒట్టేసినట్టన్నమాట.

కిందటేడు మామగారు ఒట్టు తప్పాడు. వైర్లు చూస్తామంటూ యూనిఫారాల్లో కొందరు వచ్చి, పక్క దేశం లాయర్లు కూర్చునే గదంతా కెలికి వెళ్ళారు. నది నీళ్ళ విషయంలో ఆ దేశానికీ మాకూ తగాదా ఉంది మరి. ఆ రోజునుంచి ఆఫీసు పెద్దాయన పంతం పట్టాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు లేకుండా కనపడడు కాబట్టి ఆయన్ని మేము గొడుగు సారు అంటాం. ఎక్కడో సముద్రం నడుమ ఉన్న చిన్న దేశం ఆయనది. మా భాష నేర్చుకున్నాడు, కాకపోతే పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతాడు. "నేనున్నంత కాలం ఈ దేశపు యూనిఫారం నా గడప తొక్కదు" అని అందరి ముందూ అన్నాడట. మా అమ్మాయే ఆ మాటలు టైపు చేసింది.

నాకు ఈ గొడవలేవీ పట్టవు. నా భయం నాది. మా అమ్మాయికి ఏడో నెల. మొదటి కాన్పు ఇలాగే ఏడో నెలలో పోయింది. అప్పుడు నేను దగ్గర లేను. అందుకని ఈసారి అది ఆఫీసుకు వెళ్తే నేనూ వెళ్తాను. ఉద్యోగుల చుట్టాలకని గేటు దగ్గర ఒక చీటీ ఇస్తారు. అది మెడలో వేసుకుని, మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని, మూడో అంతస్తులో దాని గది బయట బల్ల మీద కూర్చుంటాను.

"అమ్మా, నువ్వొక్కదానివే చాలు నాకు బీపీ రావడానికి," అంటుంది అది.

ఆ రోజు అన్ని దేశాల మంత్రులూ వచ్చారు. ఆఫీసు ఇక్కడే ఉంచాలా, వేరే దేశానికి ఎత్తుకుపోవాలా అన్నది తేల్చుకునే సమావేశం. వాళ్ళ కార్ల కోసం రోడ్లన్నీ మూసేశారు. కింద కాగితాలు తీసుకుని మా అమ్మాయి మెట్లెక్కబోతుంటే నేనే చెయ్యి పట్టి ఆపాను. లిఫ్టంటే నాకు ప్రాణభయం. కానీ ఏడో నెలలో మెట్లంటే అంతకంటే భయం. రెండు భయాల్లో ఒకటి ఎంచుకున్నాను. తలుపు మూసుకోబోతుంటే గొడుగు అడ్డం పెట్టి సారు కూడా ఎక్కాడు.

రెండో అంతస్తు దాటాక లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. లైటు పోయింది. ఫ్యాను పోయింది. మూలనున్న చిన్న బల్బొకటి వెలిగింది.

"అయిపోయింది," అన్నాను నేను.

"ఏమీ అవలేదమ్మా, కరెంటు పోయిందంతే," అంది అమ్మాయి.

"దయచేసి ఆందోళన చెందకండి," అన్నాడు సారు. మీట నొక్కాడు. గంట మోగుతూనే ఉంది. ఎవరూ పలకలేదు. మెట్లు వద్దన్నది నువ్వే కదా అని అమ్మాయి అనలేదు. అని ఉంటే బాగుండేది.

కాసేపటికి పైనుంచి చప్పుడైంది. గేటు కాపలాదారు మూడో అంతస్తు తలుపును ఇనపకడ్డీతో చెయ్యి పట్టేంత సందు తెరిచాడు. ఆ సందులోంచి అతని బూట్లు కనపడ్డాయి, తరవాత ముఖం కనపడింది.

"సారూ, మెకానిక్ బయల్దేరాడు. కానీ వంతెన అవతల ఆపేశారంట. మంత్రుల కార్లు తిరిగెళ్ళేదాకా వదలరంట."

"వంతెన ఎవరు మూసినారు?"

"మా పోలీసువాళ్ళే సారూ. మీ సమావేశం కోసమే."

గొడుగు సారు నవ్వబోయి ఊరుకున్నాడు.

ఫ్యాను లేదు. ఆ పెట్టె మా వంటింటి అలమరకంటే పెద్దదేం కాదు. నేను సంచిలోంచి నీళ్ళ సీసా తీసి అమ్మాయికిచ్చాను. ఒక గుక్క తాగి, సీసా నాకివ్వబోయి, మధ్యలోనే ఆగి, గోడకి చెయ్యి ఆనించింది.

ఆ చెయ్యి ఆనించడం నాకు తెలుసు.

"నొప్పా?"

"కాదు. నడుం పట్టేసింది."

"నా కళ్ళల్లోకి చూసి చెప్పు."

అది చూడలేదు. పైకి తిరిగి అరిచాను: "నాయనా, ఎదురుగా ఫైర్ స్టేషనుంది కదా! వాళ్ళని పిలవరేం?"

"గంట విని పిలవక ముందే వచ్చారమ్మా. నలుగురు గేటు బయటే నించున్నారు. సారు రమ్మంటేనే లోపలికొస్తారు." గొంతు తగ్గించాడు. "మంటలైతే అడగకుండా రావచ్చంట. ఇది లిఫ్టు కదా."

నేను గొడుగు సారు వైపు తిరిగాను. ఒక్క మాట. రండి అంటే చాలు. ఆయన గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు నెమ్మదిగా. "పైన కిటికీల వద్ద నలభై దేశాల వారు కూర్చుని ఉన్నారు. కిందటేడు కూడా వైర్లు బాగుచేస్తామనే వచ్చినారు. నేడు నేనే నా నోటితో యూనిఫారాన్ని పిలిచితిననుకోండి, ఇకమీదట ప్రతి వారమూ ఈ లిఫ్టు ఆగుతుంది. మెకానిక్ వచ్చువరకు ఓర్చుకొనగలమా?"

"ఓర్చుకోవాల్సింది మీరా, నేనా? అది!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మీ గడప, మీ పంతం, మీ దేశాలు చల్లగా ఉండనీ. దీని కడుపు కూడా ఒక గడపే సారూ. ఒకసారి అక్కడిదాకా వచ్చి వెళ్ళిపోయాడొకడు!"

"అమ్మా, ఊరుకో. సారు చెడ్డవారు కాదు," అంది అమ్మాయి. అంటూనే కిందికి కూలబడింది. కాగితాలు చెల్లాచెదురయ్యాయి. సారు గబుక్కున కోటు విప్పి దాని వీపు వెనక పెట్టాడు. గొడుగు తెరిచి దానితో విసరబోయాడు. ఆ ఇరుకులో గొడుగు సగం కూడా తెరుచుకోలేదు. మూసేసి, కాగితాలు ఏరి వాటితోనే విసిరాడు. మంత్రులు చదవాల్సిన కాగితాలవి.

మరోసారి నొప్పి వచ్చింది. అది నా మణికట్టు పట్టుకున్న తీరుకి గాజు పుటుక్కున విరిగింది.

సారు సందు వైపు తలెత్తాడు. "పిలువుము..." అని కాపలాదారుతో ఏదో అనబోయాడు. ఆ గొంతులో ఉన్నది ఇష్టం కాదు, ఓటమి. నాకేమో ఆయన ఓడిపోయినా ఒకటే, గెలిచినా ఒకటే. ఏడుస్తూ చేతులు జోడించాను.

"ప్రభుత్వం అనుకోకండి సారూ. యూనిఫారం అనుకోకండి. ఆ బయటున్న నలుగురూ నా తోడబుట్టినవాళ్ళనుకోండి. నా తమ్ముళ్ళు అక్క కోసం వచ్చారనుకోండి!"

సారు కాపలాదారును వదిలి నావైపు తిరిగాడు.

"ఏమంటిరి?"

"తమ్ముళ్ళన్నాను. తప్పైతే క్షమించండి."

"తప్పు కాదు," అన్నాడాయన. ఆయన చూపు నా మెడలో వేలాడుతున్న చీటీ మీద ఉంది. "మీరు ఈ భవనములోనికి ఏ విధముగా వచ్చినారు?"

"చుట్టాల చీటీ మీద."

"ఉద్యోగి చుట్టము ఎవరైననూ రావచ్చును. యూనిఫారము లేకుండా వచ్చిన మనిషి మనిషియే. ప్రభుత్వము కాదు." ఆయన ముక్కు మీద చెమట. "కానీ వారు విప్పవలెను. టోపీ, చొక్కా, బూట్లు, అన్నియూ. గేటు బయటనే."

కాపలాదారు ఫోను స్పీకరులో పెట్టి సందు దగ్గర పట్టుకున్నాడు. ఫైర్ ఆఫీసరు గొంతు బొంగురుగా వచ్చింది.

"ఏంటీ? యూనిఫారం విప్పి రావాలా? బాగానే ఉంది మీ వరస! చొక్కా లేకుండా పనిలోకి దిగితే, మా వాడి వేలు నలిగినా డిపార్టుమెంటు పైసా ఇవ్వదు. నా ఉద్యోగం ఊడుతుంది. రమ్మంటే రమ్మనండి, లేదంటే లేదు."

"అది నేను అనజాలను," అన్నాడు సారు.

"ఇలా రావడం నా వల్ల కాదు," అన్నాడు ఆఫీసరు.

ఇద్దరూ ఆగిపోయారు. వాళ్ళకు మల్లే లిఫ్టు కూడా. మా అమ్మాయి మాత్రం ఆగలేదు. పళ్ళు బిగించి ఆపుకుంటున్న కేక ఒకటి జారి ఫోనులో పడింది.

అవతల బొంగురు గొంతు తగ్గింది.

"ఎవరది?" అన్నాడు ఆఫీసరు.

"నా కూతురు నాయనా," అన్నాను. "ఏడో నెల. నీకు అక్కాచెల్లెళ్ళున్నారా?"

"ఇద్దరున్నారమ్మా." ఒక క్షణం తరవాత గొంతు వేరేవైపు తిరిగింది. "ఒరే, విప్పండ్రా చొక్కాలు. ఏం చూస్తున్నావు, నిన్ను పెళ్ళిచూపులకి రమ్మన్నారా? బనీనుకి చిల్లుంటే ఉండనీ!"

ఇక కాపలాదారు మొదలుపెట్టాడు. అతనికి చీటీ రాయడమంటే రాయడమే. ఎంత అత్యవసరమైనా ఒక్క గడీ ఖాళీ వదలడు.

"అమ్మా, చుట్టరికం చెప్పాలి. ఆఫీసరుగారు మీకేమవుతారు?"

"పెద్ద తమ్ముడు!"

"రెండో ఆయన?"

"చిన్న తమ్ముడు. మూడోవాడు మా పిన్ని కొడుకు. త్వరగా రాయవయ్యా!"

"నాలుగో ఆయనకు జుట్టంతా నెరిసిందమ్మా. తమ్ముడంటే గేటు దగ్గర నవ్వుతారు."

"అన్నయ్య అని రాసుకో!"

ఆ నొప్పుల మధ్యే మా అమ్మాయి ఫక్కున నవ్వింది. "అమ్మా, నాకింతమంది మేనమామలున్నారని ఎప్పుడూ చెప్పలేదే," అంది. ఆ నవ్వుకి నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

వాళ్ళ పనిముట్లు కూడా ప్రభుత్వానివే కాబట్టి గేటు బయటే ఉండిపోయాయట. ఆఫీసు స్టోరులోని ఇనపకడ్డీలు, కారు జాకీ తెచ్చుకున్నారు. పైన పాదాల చప్పుడు వినపడింది. బూట్ల చప్పుడు కాదు, ఉత్తపాదాల చప్పుడు. ఎవరో లిఫ్టు పైకి దూకారు. తాడు తెగుతుందనే అనుకుని కళ్ళు మూసుకున్నాను. తెగలేదు. తలుపు కిర్రుమంటూ తెరుచుకుని వెలుతురొచ్చింది. గాలొచ్చింది. చిల్లు బనీనుతో ఒక మనిషి వంగి చేతులు చాచాడు.

"రా తల్లీ, మామయ్యను పట్టుకో," అన్నాడు నెరిసిన జుట్టాయన.

అంబులెన్సు కూడా ప్రభుత్వానిదే కాబట్టి గేటు బయటే ఆగింది. బనీన్లతో, ఉత్తకాళ్ళతో ఉన్న నలుగురు మనుషులు మా అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, మెట్లు దింపి, ఎండలో ఆవరణ దాటించారు. మేడ కిటికీలన్నిట్లోనూ తలకాయలే. గేటు కమ్మీలకి నాలుగు యూనిఫారం చొక్కాలు ఆరేసినట్టు వేలాడుతున్నాయి. వాటిలో ఒక్కటి కూడా కమ్మీలకి లోపలివైపు లేదు. నేను ఆ సంగతి తరవాతెప్పుడో గుర్తు చేసుకున్నాను. అప్పుడు నేను చూస్తున్నది కుర్చీ కింద నేలనే, రక్తం చుక్క ఏదైనా పడుతుందేమోనని. పడలేదు.

ఆస్పత్రిలో ఇంజెక్షను ఇచ్చారు. సాయంత్రానికి నొప్పులు తగ్గాయి. బిడ్డ గుండె కొట్టుకోవడం డాక్టరు నాకు కూడా వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టుంది. "ఇంత వేగమా, ఏమైనా ప్రమాదమా?" అన్నాను. "అంతే ఉండాలమ్మా," అందామె. కాన్పు దాకా మంచం దిగకూడదంది. దిగితే కదా, నేనుండగా.

చీకటి పడకముందే గొడుగు సారు వచ్చాడు. కోటు నలిగిపోయింది. ఆఫీసు ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఆ రోజు తేలలేదట, వచ్చే ఏటికి వాయిదా వేశారట.

"ఒక మంత్రి నన్ను ప్రశ్నించినారు, ఆ నలుగురు ఎవరని," అన్నాడు. "మా స్టెనోగ్రాఫరు మేనమామలని చెప్పితిని."

నేను చేసిన పని నాకప్పుడు తట్టింది. అన్ని దేశాల లాయర్లుండే చోట, కాగితం మీద రాయించి మరీ అబద్ధమాడాను. "కేసవుతుందా సారూ? నన్ను లోపలేస్తారా? దీన్ని చూసుకునేదెవరు?"

"కేసు వేయువారు, వారు తమ్ముళ్ళు కారని నిరూపించవలెను," అన్నాడాయన గంభీరంగా. "కష్టమమ్మా. చాలా కష్టము."

అప్పుడే గది బయట నర్సు గొంతు గట్టిగా వినపడింది. చూసే వేళ అయిపోయిందనీ, ఇంటివాళ్ళు తప్ప ఎవరూ లోపలికి రాకూడదనీ అంటోంది. తొంగి చూశాను. నలుగురూ వరసగా నించున్నారు. ఈసారి చొక్కాలు తొడుక్కున్నారు గానీ టోపీలు చేతుల్లో పట్టుకున్నారు. నర్సు నావైపు తిరిగింది.

"వీళ్ళు మీకేమవుతారమ్మా?"

గొడుగు సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నాకు మళ్ళీ భయమేసింది. అయినా చెప్పాను.

"వీళ్ళు ముగ్గురూ తమ్ముళ్ళు. ఆయన మా అన్నయ్య. లోపలికి రానివ్వమ్మా."